ఆ గొంతు చెరిపేసింది నేనే

చాలా ఏళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. పొద్దున కాఫీ తాగేటప్పుడు దాని ఊసే ఉండదు. ఎవరైనా ఫోన్ పట్టుకొని వచ్చి, ఫోటోలన్నీ పోయినాయి సార్, ఒకసారి చూస్తారా అని అడిగినప్పుడు వస్తుంది. అప్పుడు నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాను. వాళ్ళు అది నా పద్ధతి అనుకుంటారు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. పేర్లు మార్చాను. ఊరు మార్చలేదు. ఊరు మారిస్తే ఇది నాకే అర్థం కాదు.

మాది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. గనిలో టైమ్ ఆఫీసు గుమాస్తాగా చేశాను. లోపలికి దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉండేది, దాని మీద అతని నంబరు. దిగేముందు ఆ బిళ్ళ మా కిటికీ దగ్గర ఇచ్చి పోవాలి. మేము దాన్ని బోర్డు మీద మేకుకు తగిలించేవాళ్ళం. పైకి వచ్చాక అడిగి తీసుకెళ్ళేవాడు. బోర్డు మీద బిళ్ళ వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని గుర్తు. నా ఉద్యోగమంతా ఆ బోర్డును చూస్తూ గడిచింది. రోజూ డైరీ రాయడం కూడా అప్పుడు అబ్బిన అలవాటే.

గని మూసేశాక చేతులకు పని లేకుండా పోయింది. ఒక కంప్యూటరు కొన్నాను. ఈ వయసులో ఈ పెట్టె ఎందుకని మా ఆవిడ సణిగింది. బంగారం తీశాక పారబోసిన మట్టి, ఆ సైనైడ్ దిబ్బల మీంచి గాలి వీస్తే ఇల్లంతా తెల్లటి దుమ్ము పడుతుంది కదా, దానికి పాత పంచె ఒకటి కప్పేవాణ్ణి. పుస్తకం ముందు పెట్టుకొని నేర్చుకున్నాను. పత్రికలో వచ్చే కంప్యూటర్ పేజీని కత్తిరించి దాచుకునేవాణ్ణి. కొంతకాలానికి ఆ విషయంలో కాలనీకి నేనే పెద్దమనిషినయ్యాను. ఎవరు కొనాలన్నా, ఎవరిది చెడిపోయినా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. నాకు ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉండేది. విడిభాగాలు తెచ్చి బిగించిన మిషన్ కొనొద్దు. యూపీఎస్ లేకుండా స్విచ్ వేయొద్దు. పెన్ డ్రైవులను దగ్గరికి రానీయొద్దు, అవి ఊరందరి ఎంగిలీ తెచ్చి మీ ఇంట్లో పెడతాయి. సీడీలో రాసుకోండి, సీడీలో రాసింది రాతి మీద రాసినట్టే. ఎంత ధీమాగా చెప్పేవాణ్ణి! తప్పని తేలిన మాటలు కావు అవి, చాలావరకు నిజాలే. అందుకే నన్ను అందరూ నమ్మారు.

చెంగల్రాయన్న కూడా నమ్మాడు.

ఆయన గనిలో మేస్త్రీ. నాకంటే పెద్ద, మా వీధిలోనే ఇల్లు. సొంత అన్న కాకపోయినా ఆ లోటు నాకెప్పుడూ తెలియలేదు. ఆయన గొంతు గురించి మీకెలా చెప్పాలి? లావు గొంతు. లోపల మిషన్ల చప్పుడు మీద అరిచి అరిచి మాట చివర కొంచెం పగిలేది. ఆయన వీధి మొదట్లో ఎవరినో పలకరిస్తే మా వంటింట్లో వినబడేది. గని మూసిన తర్వాత ఆయన ఛాతీలో చేరిన రాతి దుమ్ము జబ్బుగా బయటపడింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పడుకోలేడు, కూర్చునే కునుకు. ఒళ్ళంతా కరిగిపోయింది గానీ గొంతు మాత్రం కరగలేదు.

ఆయనకు ఒక్కతే కూతురు, రేణుక. మాలూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేసేది. పొద్దున రైలుకు పోతే దీపాలు పెట్టాక వచ్చేది. వచ్చేసరికి ఆ పిల్లకు ఓపిక ఉండేది కాదు, ఈయనకు ఊపిరి ఉండేది కాదు. ఒకరోజు ఆయన నన్ను అడిగాడు, ఆ పెట్టెలో మాట పట్టి పెట్టొచ్చంట కదా అని. వాళ్ళింట్లో రేణుక కొన్న కంప్యూటరు ఉంది. నేను మైకు తెచ్చి తగిలించాను. ఎక్కడ నొక్కితే మొదలవుతుందో, ఎక్కడ నొక్కితే ఆగుతుందో నేర్పాను. ఆయన ఒక షరతు పెట్టాడు. అవి రేణుక కోసం. ఆయన పోయాకే వినాలి. ఆమె వినేదాకా ఇంకెవరూ వినకూడదు, నేను కూడా. నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

మధ్యాహ్నాలు ఆయన భార్య సుశీల వదిన కాస్త నడుం వాల్చినప్పుడు ఆయన తలుపు దగ్గరికి వేసుకొని మాట్లాడేవాడు. మా వసారాలో కూర్చుంటే ఆ గొంతు వినబడేది, మాటలు మాత్రం తెలిసేవి కావు. మధ్యలో దగ్గు. మళ్ళీ గొంతు. ఆ రోజుల్లో నేను పత్రిక ముందు పెట్టుకొని చదవకుండా కూర్చునేవాణ్ణి.

చేసిన రికార్డింగు ఎక్కడ దాగిందో ఆయనకు అంతుపట్టేది కాదు. యాడికి పోయిందప్పా అని కబురు పెట్టేవాడు. నాకు మా బోర్డు గుర్తొచ్చింది. రికార్డింగులన్నిటినీ మిషన్ లోపల ఒకచోట పెట్టి, ఒక్కొక్కదానికి తెర మీద ఒక చిన్న గుర్తు తగిలించాను, దాని కింద నంబరు వేసి. గుర్తు మీద నొక్కితే లోపల ఉన్న రికార్డింగు తెరుచుకుంటుంది. కంప్యూటరు తెలిసినవాళ్ళు దాన్ని షార్ట్‌కట్ అంటారు. మేమిద్దరం బిళ్ళ అన్నాం. ఆయనకు ఇక చెప్పక్కర్లేకపోయింది. సాయంత్రం నేను వెళ్ళి ఆ రోజు బిళ్ళ తగిలిస్తే, తెర వైపు చూసుకొని తృప్తిగా తల ఊపేవాడు.

ఆయన పోయాడు.

ఏడాది తిరగకముందే పోయిన మనిషి గొంతు ఇంట్లో వినిపిస్తే ఆయన దారి పట్టలేడని వదిన అంది. రేణుక ఒప్పుకుంది. సంవత్సరీకం నాడు, భోజనాలు అయ్యి చుట్టాలు వెళ్ళిపోయాక, ముగ్గురమూ కూర్చొని విందామని అనుకున్నాం. ఆ ఏడాదంతా నేను కూడా ఎదురు చూశాను. ఆమె కూతురు, ఈమె భార్య, నేనెవరిని? అయినా ఎదురు చూశాను. ఆ గొంతు మళ్ళీ వినాలని నాకు ఎంత ఉండిందో ఎవరికీ చెప్పలేదు.

సంవత్సరీకం ఇంకొన్ని రోజులుందనగా మిషన్ బాగా నెమ్మదించింది. ఆ రోజుకు మొరాయిస్తే ఎట్లా అని వదిన నన్ను పిలిచింది. రేణుక పనికి వెళ్ళింది. నేను చూశాను. అంతా తుడిచి మళ్ళీ కొత్తగా వేయాలి, దాన్నే ఫార్మాట్ చేయడం అంటారు. ముందు రికార్డింగులను సీడీలోకి ఎత్తాలి. తెర మీది బిళ్ళలన్నిటినీ కలిపి పట్టి సీడీలో రాశాను. చిటికెలో అయిపోయింది. కొత్త సీడీ రైటర్ ఎంత చురుకైనదో అని ముచ్చటపడ్డాను కూడా.

నేను పద్ధతి గల మనిషిని. సరిచూడకుండా చెరపను. సీడీలోంచి ఒకదాన్ని తెరిచాను. దగ్గు వినిపించింది. తర్వాత ఆయన.

"రేణూ, మీయమ్మ నిద్దరపోయింది. ఇంగ మనిద్దరమే."

అక్కడ ఆపేశాను. ఒట్టు గుర్తొచ్చింది. ఆ చిన్న మాట నిలబెట్టుకున్నాను చూడండి.

తర్వాత మిషన్ అంతా తుడిచి, కొత్తగా వేసి, సీడీ పెట్టి నొక్కాను. ఫైలు దొరకలేదు అని తెర మీద వచ్చింది. ఇంకొకటి నొక్కాను. దొరకలేదు. అన్నీ నొక్కాను.

సీడీలోకి పోయినవి ఉట్టి బిళ్ళలు. నేను సరిచూసినప్పుడు వినిపించిన గొంతు సీడీలోంచి రాలేదు. అది అప్పటికింకా మిషన్‌లోనే ఉంది, సీడీలోని బిళ్ళ దాని దారి చూపించింది, అంతే. అది విని సరిపోయిందనుకొని, అసలుదాన్ని చేతులారా తుడిచేశాను. బిళ్ళ మేకుకు ఉంటే మనిషి గని లోపల ఉన్నట్టు, బిళ్ళలో ఉన్నట్టు కాదు. ఆ ఒక్క సంగతి తెలిసినందుకే నాకు జీవితమంతా జీతమిచ్చారు. ఆ బిళ్ళలు తగిలించింది కూడా నేనే. ఇంకెవరైనా ఈ తప్పు చేసి ఉంటే తెలియక చేశారని అనొచ్చు.

ఇంతవరకు పొరపాటు. ఇక్కడే లేచి వంటింట్లోకి వెళ్ళి, వదినా, నా చేతుల మీద పోయింది అని ఉంటే ఈ రోజు మీకు రాయడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. వెళ్ళలేదు. సీడీ జేబులో పెట్టుకొని ఇంటికి వచ్చేశాను. సాయంత్రం దాకా ఏం చెప్పాలా అని ఆలోచించాను. పొరపాటును ఎలా బాగు చేయాలా అని కాదు, ఎలా చెప్పాలా అని. పెద్దమనిషి మాట పోకూడదు కదా.

రేణుక రైలు దిగి ఇంటికి వచ్చిందని తెలిశాక వెళ్ళాను. ఆమె భుజానికి ఇంకా బ్యాగు ఉంది.

"ఏమైంది చిన్నాయనా? నువ్వు కాఫీ గూడా తాగకుండా పోయినావంట. అమ్మ చెప్తా ఉండాది."

"రేణుకా, ఈ మధ్యలో ఏదైనా పెన్ డ్రైవ్ పెట్టినావా దీంట్లో?"

"పెట్టినాను. ఆఫీసులో సుమ పాటలు ఎక్కించి ఇచ్చింది. ఏం?"

"దాంట్లోంచి వైరస్ వచ్చింది. నేను చూసేటప్పటికే మీ నాయన రికార్డింగులు తినేసింది. మిషన్ అన్నా దక్కాలని అంతా తుడిచి మళ్ళీ వేసినాను."

"అన్నీనా?"

"అన్నీ."

ఆ పిల్ల బ్యాగు దింపలేదు. కంప్యూటరు వైపు చూస్తూ నిలబడింది.

"పోయినవి తీసి ఇచ్చేవాళ్ళు బెంగళూరులో ఉండారంట చిన్నాయనా. మా ఆఫీసులో ఒకాయన తీయించుకున్నాడు. రేపు లీవు పెట్టి నేనే ఎత్తుకొని పోతాను."

"లాభం లేదమ్మా. వైరస్ తిన్నది రాదు."

"ఒక తూరి చూపిస్తే పోయేదేముండాది?"

"నా మాట మీద నమ్మకం లేదా నీకు?"

అప్పుడు బ్యాగు దింపింది. "నువ్వే చెప్పినాక ఇంగేముండాది చిన్నాయనా," అంది.

వదిన వంటింటి గడప దగ్గరే నిలబడి అంతా విన్నది. కూతురి వైపు చూడకుండా ఒక్క మాట అంది. "ఆ పాటలు వినకుంటే తెల్లారదా నీకు?"

ఆ మాట రేణుకకు తగిలింది. అది నాకు తగలాల్సిన మాట. అప్పుడైనా నోరు తెరవచ్చు. తెరవలేదు.

పోయినవి తీసేవాళ్ళు ఉన్నారని నాకు తెలియదా? తెలియదని రాస్తే బాగుంటుంది. తెలుసు. నేను కత్తిరించి దాచిన పేజీల్లోనే ఉంది: చెరిపింది వెంటనే పోదు, దాని మీద ఇంకొకటి పడేదాకా లోపలే ఉంటుంది, తెలిసినవాళ్ళు బయటికి తీయగలరు. తీసేవాడు చూడగానే చెప్పేస్తాడని భయపడ్డాను. వైరస్ లేదు, తుడిచేటప్పటికి రికార్డింగులు బాగానే ఉన్నాయి అని. చెంగల్రాయన్న గొంతు ఆ సాయంత్రానికి ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. బెంగళూరు దాకా తీసుకెళ్ళి ఉంటే వచ్చేదేమో. అంతా కాకపోతే కొంత.

ఇంతకంటే చెడ్డది తర్వాతి రోజు చేశాను. అదీ రాస్తాను. మిషన్ ఖాళీగా ఉందని, వదినకు ఊసుపోతుందని, నా దగ్గరున్న భక్తి పాటలూ హరికథలూ తీసుకెళ్ళి ఆ కంప్యూటరు నిండా ఎక్కించాను. ఇంకేదీ పట్టనంత. ఎందుకు ఎక్కిస్తున్నానో నాకు తెలుసు. వదిన మజ్జిగ తెచ్చి ఇచ్చి, "నీవన్నా ఉండావప్పా మాకు" అంది. తాగాను. వదిన గారి కంప్యూటరులో భక్తి పాటలు వేసి ఇచ్చాను అని ఆ రోజు డైరీలో ఉంది. నా డైరీలు మీరు ఎన్ని తిప్పినా అంతకు మించి దొరకదు. అక్కడ కూడా నేను పెద్దమనిషినే.

సంవత్సరీకం జరిగింది. చుట్టాలు వెళ్ళాక ముగ్గురమూ అనుకున్నట్టే ఆ గదిలో కూర్చున్నాం. ఎవరూ స్విచ్ వేయలేదు. వదిన నన్ను అడిగింది, ఏం చెప్పింటాడప్పా అని. నాకు ఒక్క వాక్యం తెలుసు. లోకంలో నా ఒక్కడికే తెలుసు. చెబితే నేను విన్నానని తెలుస్తుంది. విన్నానని తెలిస్తే నేను చూసేటప్పటికి అవి ఉన్నాయని తెలుస్తుంది. తెలియదు వదినా అన్నాను. రేణుక లేచి బయటికి వెళ్ళి చెప్పుల దగ్గర నిలబడింది.

తల్లీకూతుళ్ళు పోట్లాడుకోలేదు. ఆ మాట మళ్ళీ ఎత్తనూ లేదు. కానీ ఆ ఇంట్లో పాట అనేది వినబడటం మానేసింది. నేను ఎక్కించినవి కూడా. కొన్నాళ్ళకు రేణుక పెళ్ళి అయ్యింది, బెంగళూరు వెళ్ళిపోయింది. వదిన చివరిదాకా ఇక్కడే ఉంది, నిరుడు పోయింది. ఆమెకు చెప్పే వీలు నేనే పోగొట్టుకున్నాను. రేపు చెబుదాం అనుకోవడంలో ఇన్నేళ్ళు ఎలా పోయాయో మీకు ఎప్పుడైనా అనుభవమై ఉంటే నేను వివరించక్కర్లేదు.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లు. పిల్ల తుమ్మినా పట్టి పెడతారు. ఎక్కడ దాగుతోందో అడిగితే పైన ఎక్కడో ఉంది తాతా అంటారు. దాని మీద కూడా నాకు ఒక అభిప్రాయం ఉంది, అడిగినవాళ్ళకు చెబుతూనే ఉంటాను: తెర మీద కనబడిందని మీ దగ్గర ఉన్నట్టు కాదు, అసలుది ఎక్కడుందో కనుక్కోండి. పెద్దాయన మంచి మాట చెప్పాడంటారు. ఎక్కడ నేర్చుకున్నానో అడగరు.

ఈ మధ్య రేణుక వచ్చింది. తల వెంట్రుకల్లో తెలుపు. ఆఫీసులో పెద్ద హోదా, ఎందరివో కంప్యూటర్లు ఆమె అజమాయిషీలో. వార్తల్లో చదివిందట, మనిషి గొంతు ఒక్క నిమిషం దొరికితే చాలు, మిగతా మాటలు మిషనే ఆ గొంతుతో పలుకుతుందని. ఆ వార్త నేనూ చదివాను. చచ్చినవాళ్ళ చేత వాళ్ళు అనని మాటలు అనిపించడం నాకు నచ్చలేదు, ఆ మాటే అందామనుకున్నాను. ఆమె ముఖం చూసి ఊరుకున్నాను.

మా అమ్మాయి పెళ్ళి వీడియో క్యాసెట్టు పోయినసారి అడిగి తీసుకెళ్ళింది. దాన్ని బెంగళూరులో మార్పించి పెన్ డ్రైవులో తెచ్చింది. అందులో నాయన ఎక్కడో ఒకచోట మాట్లాడి ఉంటాడు కదా అని. నా కంప్యూటరు తెరిచి పెట్టాను. ఆమె పెన్ డ్రైవ్ బయటికి తీసి, దాన్ని నా చేతికి ఇచ్చింది.

"నువ్వే పెట్టు చిన్నాయనా. నా హస్తవాసి తెలుసు కదా," అని నవ్వింది.

ఆఫీసులో కూడా అంతేనట. ఎవరి మిషన్‌కూ తన చేత్తో ఏదీ తగిలించదట, పక్కవాళ్ళకు ఇస్తుందట. వాళ్ళు నవ్వుతారట. నవ్వుతూనే చెప్పింది నాకు.

పెట్టాను. చూశాం. పందిట్లో, వరుసలో చివర, చెంగల్రాయన్న. తెల్ల చొక్కా. పక్కనున్న ఎవరితోనో ఏదో అంటున్నాడు, చెయ్యి ఊపుతూ. పెదవులు కదులుతున్నాయి. నాదస్వరం మోగిపోతోంది. రేణుక స్పీకరు దగ్గరికి వంగి చెవి ఆనించింది. మళ్ళీ వేయమంది. మళ్ళీ వేశాను. నాదస్వరమే. ఏమంటుండాడో అని తనలో తాను అనుకుంది.

నేను కూడా వంగి విన్నాను. ఆమెతో సమానంగా విన్నాను. ఆ గొంతు కోసం ఆమె వెతుకుతున్నంత ఆశగా వెతికాను, పక్కనే కూర్చొని. ఇంత సిగ్గులేనితనం మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది? ఆమె వెళ్ళేటప్పుడు నా కాళ్ళకు దండం పెట్టింది. పెట్టించుకున్నాను.

ఆమె వెళ్ళాక ఇది రాయడం మొదలుపెట్టాను. అచ్చుకు పంపేముందు రేణుక చేతికి ఇస్తాను. మీరు చదివేటప్పటికి ఆమె చదివి ఉంటుంది. తర్వాత ఏమంటుందో తెలియదు. చిన్నాయనా అని పిలవడం మానేస్తుందేమో. మానేస్తే అడిగే హక్కు నాకు లేదు. క్షమించమని కూడా రాయలేదు, మీరు గమనించే ఉంటారు. ఏ ముఖంతో రాస్తాను? తండ్రి గొంతు తీసుకున్నాను, తల్లి మనసు తీసుకున్నాను, ఆమె చేతి మీద ఆమెకున్న నమ్మకం కూడా తీసుకున్నాను. ఇందులో ఇప్పుడు తిరిగి ఇవ్వగలిగింది చివరిదొక్కటే. దాన్నన్నా ఇచ్చెయ్యాలి. ఈ కాగితం మీద ఇంతవరకు వచ్చాక గొంతులో ఆ అడ్డం కొంచెం కదిలింది. ఆ ఊరట కూడా నాకు దక్కాల్సింది కాదు, అయినా ఉంది, దాచను.

రేణుకా, సుమ ఇచ్చిన ఆ పెన్ డ్రైవులో పాటలు తప్ప ఏమీ లేవమ్మా.